మనవాడిని మనవాడే ఓడిస్తే.. అరపాయింటు వెనుక అసలు లెక్క

తిరుపతి: టీ దుకాణాల వద్ద ఒకప్పుడు క్రికెట్, సినిమా, రాజకీయం తప్ప నాలుగో ముచ్చట వినిపించేది కాదు. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చదరంగ కిరీటం అందుకున్న నాటి నుంచి పరిస్థితి మారింది. ఆ యువకుడు పుట్టి పెరిగింది చెన్నైలోనే అయినా పూర్వీకుల మూలాలు సత్యవేడు ప్రాంతంలో ఉండటంతో జిల్లావాసులు అతడిని సొంతబిడ్డగానే భావిస్తున్నారు. ఏనుగు ఎటు కదులుతుందో, శకటు ఎటు వెళ్తుందో తెలియనివారు సైతం సెల్‌ఫోన్లలో పెద్ద టోర్నీల ఫలితాలు వెతుకుతున్నారు. సంతోషమే. అయితే ఆట చూడటం పెరిగినంతగా ఆటను అర్థం చేసుకోవడం పెరిగిందా అన్నది ప్రశ్న. అందుకు 2025 ఫిబ్రవరి 2న నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక గేమ్, దానిపై మన ప్రాంతంలో ఇప్పటికీ తెగని వాదన మంచి ఉదాహరణ.

ఆ గేమ్‌లో గుకేశ్ ఓడిపోయాడు. ఓడించింది వరంగల్‌కు చెందిన ఇరిగేశి అర్జున్. ‘అరపాయింటే కదబ్బా, ఇచ్చేసుంటే ఏం పోయేది?’ అన్నది ఇక్కడి అభిమానుల ఆవేదన.

ఉత్తర సముద్ర తీరాన

వైక్ ఆన్ జీ అనేది ఉత్తర సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పక్కనే ఉక్కు కర్మాగారం. ఆ కర్మాగారం అండతో 1938లో మొదలైన చదరంగ పోటీలే నేడు టాటా స్టీల్ టోర్నీగా ప్రసిద్ధి పొందాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆహార కొరత వేధిస్తున్న రోజుల్లో విందులో బఠాణీ సూపు వడ్డించారట. అదే ఆచారమై నేటికీ కొనసాగుతోంది. ఈ టోర్నీలో 14 మంది ఆడతారు. ప్రతి ఒక్కరూ మిగిలిన 13 మందితో ఒక్కోసారి తలపడతారు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అరపాయింటు, ఓడితే సున్నా. చివరకు ఎవరి ఖాతాలో ఎక్కువ ఉంటే వారే విజేత. ఇద్దరు సమానంగా నిలిస్తే నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ ఆటలతో తేల్చుతారు.

ప్రపంచ విజేత హోదాలో గుకేశ్ పాల్గొన్న తొలి టోర్నీ అదే. 12 రౌండ్లు ముగిసేసరికి గుకేశ్, చెన్నైకి చెందిన ప్రజ్ఞానంద చెరో 8.5 పాయింట్లతో అగ్రస్థానంలో నిలిచారు. చివరి రౌండ్‌లో గుకేశ్‌కు అర్జున్, ప్రజ్ఞానందకు జర్మనీ ఆటగాడు విన్సెంట్ కీమర్ ప్రత్యర్థులు. అర్జున్‌కు ఆ టోర్నీ ఏమాత్రం కలిసిరాలేదు. 11 రౌండ్ల పాటు ఒక్క విజయమూ దక్కలేదు. టైటిల్ ఆశలు ఎప్పుడో ఆవిరయ్యాయి. అలాంటివాడు చివరి రోజున గుకేశ్‌పై పూర్తి పాయింటు కోసం పోరాడి గెలిచాడు. ప్రపంచ విజేతగా క్లాసికల్ ఆటలో గుకేశ్‌కు అదే తొలి ఓటమి.

అక్కడితో కథ ముగియలేదు. ప్రజ్ఞానంద కూడా కీమర్ చేతిలో ఓడిపోయాడు. ఇద్దరూ 8.5 వద్దే ఆగిపోవడంతో టైబ్రేక్ అనివార్యమైంది. మొదటి బ్లిట్జ్ గుకేశ్‌ది, రెండోది ప్రజ్ఞానందది. నిర్ణాయకమైన మూడో ఆటలో ప్రజ్ఞానంద గెలిచి ట్రోఫీ ఎగరేసుకుపోయాడు. అంతకుముందు ఏడాది, అంటే 2024లోనూ గుకేశ్ ఇదే టోర్నీలో 8.5 పాయింట్లతో ఉమ్మడి అగ్రస్థానంలో నిలిచి, టైబ్రేక్‌లో చైనా ఆటగాడు వీ యీకి టైటిల్ కోల్పోయాడు. అభిమానుల బాధ రెట్టింపు కావడానికి అదీ ఒక కారణం.

లెక్క చూస్తే వారి వాదనలో తప్పులేదు. అర్జున్ డ్రాకు అంగీకరించి ఉంటే గుకేశ్‌కు 9 పాయింట్లు వచ్చేవి. ప్రజ్ఞానంద ఓడాడు కాబట్టి టైబ్రేక్ అవసరమే ఉండేది కాదు. తప్పంతా ఆ తరువాతి మాటలోనే ఉంది. ‘తెలుగువాడై ఉండి తెలుగువాడిని దెబ్బతీశాడు’ అన్న మాటలో.

సాయపడింది ఎవరు?

ముందురోజు ఏం జరిగిందో ఈ అభిమానులు మరచిపోతున్నారు. 12వ రౌండ్‌లో అర్జున్ ఉజ్బెకిస్థాన్‌కు చెందిన అబ్దుసత్తరోవ్‌ను ఓడించాడు. టోర్నీలో అర్జున్‌కు అదే మొదటి గెలుపు. అగ్రస్థానం కోసం పోటీపడుతున్న అబ్దుసత్తరోవ్ ఆ ఓటమితో వెనుకబడి చివరకు 7.5 పాయింట్లతో మూడో స్థానానికి పరిమితమయ్యాడు. అంటే శనివారం గుకేశ్ దారిలోని ముల్లు తీసిందీ అర్జునే, ఆదివారం ముల్లు గుచ్చిందీ అర్జునే. ఇక ప్రజ్ఞానందను ఓడించిన కీమర్ ఎవరో కాదు, సింగపూర్ పోరుకు గుకేశ్‌ను సన్నద్ధం చేసిన బృందంలో సభ్యుడు. అదే బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు. జర్మనీవాడి గెలుపు గుకేశ్‌కు మేలు చేసింది, తెలుగువాడి గెలుపు కీడు చేసింది. ఇద్దరూ చేసింది ఒకే పని. ఎదుట కూర్చున్నవాడిని ఓడించారు.

మరో సంగతి. 2023 డిసెంబరులో చెన్నై గ్రాండ్‌మాస్టర్స్ టోర్నీలో గుకేశ్, అర్జున్ 7 రౌండ్లలో 4.5 పాయింట్లతో సమానంగా నిలిచారు. అదనపు లెక్కల్లో గుకేశ్ పైచేయి సాధించాడు. ఆ విజయంతో సమకూరిన పాయింట్లే అతడిని 2024 ఏప్రిల్‌లో టొరంటోలో జరిగిన క్యాండిడేట్స్‌కు, అక్కడి నుంచి సింగపూర్‌కు చేర్చాయి. అర్జున్ టొరంటో వెళ్లలేకపోయాడు. అప్పుడు ‘అర్జున్‌కు ఒక అరపాయింటు వదిలేసి ఉంటే బాగుండేది’ అని మన టీ దుకాణాల్లో ఎవరూ అనలేదు.

అరపాయింటు దానం ఎందుకు కుదరదు

సరదా మాటగా కనిపించినా ఇది చిన్న విషయం కాదు. ఫలితాన్ని ముందే మాట్లాడుకోవడం, జాలిపడి పాయింటు వదలడం చదరంగంలో నేరంతో సమానం. 1962లో కురసావ్ దీవిలో జరిగిన క్యాండిడేట్స్‌లో సోవియట్ ఆటగాళ్లు పెట్రోసియన్, కెరెస్, గెల్లర్ తమలో తాము ఆడిన 12 గేములనూ డ్రా చేసుకున్నారు. అలసట లేకుండా మిగతావారిపై బలం చూపేందుకే ఇలా కుమ్మక్కయ్యారని అమెరికా ఆటగాడు బాబీ ఫిషర్ బహిరంగంగా ఆరోపించాడు. దుమారం రేగడంతో ప్రపంచ సమాఖ్య ఫిడే ఆ పోటీల స్వరూపాన్నే మార్చి, ఇద్దరిద్దరి మధ్య నాకౌట్ పోరుగా నిర్వహించింది.

తరువాతి కాలంలో క్యాండిడేట్స్ మళ్లీ అందరూ అందరితో ఆడే పద్ధతికి వచ్చింది. అందులో ఒకే దేశం ఆటగాళ్లు ప్రతి అర్ధభాగంలోనూ మొదటే ఎదురుపడేలా జతలు కూర్చుతున్నారు. చివరి రోజున ఒకరికొకరు సాయపడే అవకాశం లేకుండా చేయడమే దీని ఉద్దేశం. టొరంటోలో గుకేశ్, ప్రజ్ఞానంద, విదిత్ గుజరాతీ తొలి మూడు రౌండ్లలోనే పరస్పరం ఆడేశారు. అక్కడ గుకేశ్ సాధించిన 5 విజయాల్లో ఒకటి ప్రజ్ఞానందపై, ఒకటి విదిత్‌పై వచ్చాయి. 14 రౌండ్లలో అతడికి దక్కింది 9 పాయింట్లు. నకముర, నెపోమ్నియాషి, కరువానా ముగ్గురూ 8.5 వద్ద ఉన్నారు. స్వదేశీయులపై ఆ రెండు గెలుపుల్లో ఒక్కటి డ్రాగా మారినా ఒంటరి అగ్రస్థానం ఉండేది కాదు. నాడు చప్పట్లు కొట్టిన చేతులే నేడు అర్జున్‌ను వేలెత్తి చూపడం న్యాయమనిపించదు.

అర్జున్ వైపు నుంచీ చూడాలి. ఎలో రేటింగ్ విధానంలో ఇద్దరూ దాదాపు సమానమైన బలం కలవారైతే డ్రాతో ఎవరి అంకె కదలదు. ఈ స్థాయిలో గెలిచినవారికి సుమారు 5 పాయింట్లు కలుస్తాయి, ఓడినవారికి అన్నే తరుగుతాయి. 2024 డిసెంబరులో అర్జున్ 2800 రేటింగ్ దాటాడు. భారతీయుల్లో విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ గీత దాటింది అతడే. నెదర్లాండ్స్‌లో వరుస వైఫల్యాలతో రేటింగ్ జారిపోతుంటే చివరి రెండు రోజుల్లో రెండు విజయాలతో కొంతైనా నిలబెట్టుకున్నాడు. పెద్ద టోర్నీలకు ఆహ్వానాలు ఆ అంకె చూసే వస్తాయి. టైటిల్ రేసులో లేని ఆటగాడికి చివరి రోజు ఆట వృథా అనుకోవడం పొరపాటు.

సెల్‌ఫోన్ తెరపై తెల్లగీత

అభిమానుల చర్చను పక్కదారి పట్టిస్తున్న మరో అంశం కంప్యూటర్ అంచనా. ప్రత్యక్ష ప్రసారంలో బల్ల పక్కన నలుపు తెలుపు పట్టీ ఒకటి కనిపిస్తుంది. తెలుపు పెరిగితే తెల్లపావుల వారిది పైచేయి, నలుపు పెరిగితే నల్లపావుల వారిది. కంప్యూటర్ క్షణంలో లక్షల స్థితులు పరిశీలించి చెప్పే తీర్పు అది. దాన్ని చూస్తూ కూర్చున్న మనకు గ్రాండ్‌మాస్టర్ తప్పు ఇట్టే తెలిసిపోతుంది. ‘ఈమాత్రం కనిపించలేదా’ అనేస్తాం. పట్టీని అరచేత్తో మూసి అదే స్థితిలో ఒక్క మంచి ఎత్తు చెప్పమంటే తెలుస్తుంది.

సింగపూర్‌లో 14వ గేమ్ 55వ ఎత్తులో డింగ్ లిరెన్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. ఏనుగులు, శకట్లు మార్పిడైపోయి బంటు ఆధిక్యంతో గుకేశ్ గెలిచాడు. అంతవరకూ 6.5-6.5తో సమానంగా ఉన్న పోరు 7.5-6.5తో ముగిసింది. డింగ్‌ను ఎగతాళి చేసినవారు మన వైపూ ఉన్నారు. అప్పటికి 18 రోజులుగా సాగుతున్న పోరు అది. గంటల తరబడి ఒక బంటు తక్కువతో రక్షించుకుంటూ వచ్చిన మనిషి అలసి చేసిన తప్పు అది. పైగా తొలి గేమ్‌లోనే గుకేశ్‌ను ఓడించిందీ, 11వ గేమ్‌లో ఓడి మరునాటి ఆటలోనే గెలిచి సమం చేసిందీ ఆ డింగే. ప్రత్యర్థిని తక్కువ చేస్తే గుకేశ్ గెలుపు విలువే తగ్గుతుందన్న ఇంగితం మనకు ఉండాలి.

‘తెలుగువాడా, తమిళుడా’ అన్న గొడవ సరేసరి. గెలిచిన రాత్రే రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ అభినందనలు తెలిపారు, సామాజిక మాధ్యమాల్లో ఇరువైపులా కత్తులు దూసుకున్నారు. 1960 వరకూ తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సత్యవేడు 2022 ఏప్రిల్‌లో చిత్తూరు నుంచి తిరుపతి జిల్లాకు మారింది. ఇటు పిల్లనిచ్చి అటు పిల్లను తెచ్చుకునే సరిహద్దు పల్లెలకు ఈ గీతలు ఎప్పుడూ పెద్దగా పట్టలేదు.

అర్జున్, గుకేశ్‌ల లెక్క వైక్ ఆన్ జీతో తేలిపోలేదు. 2025 నార్వే చెస్ రెండో రౌండ్‌లో అర్జున్ మరోసారి గుకేశ్‌ను ఓడించాడు. ఆరో రౌండ్‌లో గుకేశ్ చేతిలో ఓడిన మాగ్నస్ కార్ల్‌సన్ బల్లను పిడికిలితో గుద్దిన దృశ్యం లోకమంతా చూసింది. ఆ మరుసటి రౌండ్‌లో గుకేశ్ ఎదుట కూర్చున్నది అర్జునే. క్లాసికల్ ఆటలో అర్జున్‌పై గుకేశ్ తొలి విజయం ఆ రోజే నమోదైంది.