చెక్క తిరగాలి... చెయ్యి నిలవాలి!

చపాతీ కర్ర లేని వంటిల్లు ఉండదు. అదంత నున్నగా, గుండ్రంగా ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఆ రహస్యం లేత్ మిషన్‌ది. దాన్ని నేర్చుకోవాలనుకునే విద్యార్థులకు మన రాష్ట్రాల్లోనే ఓ మంచి బడి ఉంది!

హైదరాబాద్ బేగంబజార్‌లో గిన్నెల దుకాణాల ముందు నిలబడితే ఏది కొనాలో తేలదు. ఇత్తడి బిందెలు, స్టీలు డబ్బాలు... వాటి పక్కనే చపాతీ కర్రలు, పప్పుగుత్తులు. ఓ కర్రను తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో తడిమి చూడండి. ఎక్కడా ఎత్తుపల్లాలు తగలవు. బాడితతో ఎంత ఓపిగ్గా చెక్కినా అంత గుండ్రన రాదు. కుమ్మరి సారెను పక్కకు పడుకోబెట్టారనుకోండి... అదే లేత్. చెక్కను రెండు కొనల మధ్య బిగిస్తారు. అది గిరగిరా తిరుగుతుంటే ఉలి ఆనిస్తారు. పొట్టు రిబ్బన్లలా రాలుతూ లోపలున్న ఆకారం బయటపడుతుంది.

చూడ్డానికి తేలికే. చేస్తేనే తెలుస్తుంది కష్టం! ఐటీఐలో రెండేళ్ల టర్నర్ కోర్సు ఉంది. అక్కడ నేర్పేది ప్రధానంగా ఇనుము పని. ఇనుప లేత్‌లో ఉలిని మిషనే గట్టిగా పట్టుకుంటుంది. చెక్క లేత్‌లో పట్టుకోవాల్సింది మనిషి చెయ్యి. గీసుకున్న డిజైన్ ఎంత బాగున్నా, మణికట్టు కాస్త వణికిందంటే చెక్క మీద గాటు పడిపోతుంది.

ఏటికొప్పాకే బడి

ఈ విద్యకు తెలుగునాట పుట్టిల్లు లాంటిది ఏటికొప్పాక. విశాఖపట్నానికి 60 కిలోమీటర్లకు పైగా దూరంలో, వరాహ నది ఒడ్డున ఉంది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వస్తుంది. కొండపల్లి బొమ్మల్ని చెక్కుతారు. ఏటికొప్పాక బొమ్మల్ని లేత్ మీద తిప్పుతారు. ఒకప్పుడు ఒకరు తాడు లాగి తిప్పుతుంటే మరొకరు ఉలి పట్టేవారు. తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి.

వాడేది అంకుడు కర్ర. మెత్తగా, తెల్లగా, సన్నని పోగుతో ఉంటుంది. బాగా ఆరాకే మిషనెక్కిస్తారు. పచ్చిదైతే తర్వాత బీటలు వారుతుంది. బొమ్మ తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తుతారు. రాపిడి వేడికి లక్క కరిగి పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. బొమ్మను పిల్లలు నోట్లో పెట్టుకుంటారు కదా! అందుకే పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల్లాంటి వాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి కృషి చేశారు సి.వి.రాజు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర వేడుకల్లో ఢిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కనిపించినవీ ఇవే.

మొదటి పాఠం... బొంగరం

డిజైన్ కాలేజీల విద్యార్థులు ప్రాజెక్టు పనిమీద ఏటికొప్పాక వస్తుంటారు. కొత్తగా మొదలుపెట్టే వారెవరికైనా బొంగరం మంచి ప్రాజెక్టు. చెక్క చివర మూల నుంచి మూలకు రెండు గీతలు గీస్తే అవి కలిసే చోటే నడిబొడ్డు. అక్కడ బిగించి, ముందు కోల చేసి, తర్వాత నడుము తీర్చాలి. చివర్లో మేకు దిగ్గొట్టి తాడు చుట్టి వదిలితే తప్పొప్పులు తెలిసిపోతాయి. నడిబొడ్డు నూలుపోగంత తప్పినా బొంగరం తూలుతుంది. మాస్టారు మార్కులు వేయక్కర్లేదు!

మిషన్ దగ్గర కొన్ని నియమాలు తప్పవు. చున్నీ, వదులు చేతుల చొక్కా, ఉంగరం, చేతి తొడుగులు వద్దు. జుట్టు ముడేసుకోవాలి. కళ్లద్దాలు తప్పనిసరి. స్విచ్ వేసే ముందు చెక్కను చేత్తో ఓసారి తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. ముందు ఉలి ఆనుడు పట్టీ మీద కూర్చోవాలి, తర్వాతే చెక్కను తాకాలి. తిరిగే చెక్కను చేత్తో ఆపకూడదు. పక్కన పని తెలిసిన పెద్దవారు ఉండాల్సిందే.

చెయ్యి ఉంటేనే...

బొంగరం కొద్దిరోజుల్లో వస్తుంది. మూత చక్కగా బిగిసే కుంకుమభరిణ రావాలంటే మాత్రం చాలాకాలం పడుతుంది. ఆ ఓపిక ఉన్నవారు తగ్గితే పని ఆగిపోతుంది. అంకుడు చెట్లు తగ్గిపోవడమూ ఏటికొప్పాకను వేధించే బెంగే. కళాకారుల పిల్లలే వేరే ఉద్యోగాల వైపు చూస్తున్న రోజుల్లో, బయటి నుంచి వచ్చే విద్యార్థి తెచ్చే కొత్త డిజైన్, కొత్త ఆర్డర్ పాత చేతులకు పని చూపిస్తాయి. ఆ చేతులు విద్యార్థికి పుస్తకంలో లేని ఒడుపు నేర్పుతాయి.

మీ అబ్బాయో అమ్మాయో ప్రాజెక్టంటూ తూలిపోయే బొంగరం ఇంటికి తెస్తే నవ్వకండి. ఇంకో చెక్క ముక్క కొనివ్వండి. రెండోది తూలదు!