చార్లీ ఏడిపిస్తాడు.. సుబ్బయ్య వదలడు!

ఒక చిన్న ఆపరేషన్‌తో మీ పిల్లాడి తెలివి దాదాపు మూడింతలవుతుందంటే చేయిస్తారా? విశాఖ ద్వారకానగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడి ఈ మాట అడిగితే, 'ఫీజెంతండీ?' అనే తల్లిదండ్రులే ఎక్కువ మంది దొరుకుతారేమో!

చార్లీ గోర్డన్ సరిగ్గా ఆ ఆపరేషనే చేయించుకుంటాడు. అమెరికన్ రచయిత డేనియల్ కీస్ సైన్స్ ఫిక్షన్ నవల 'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్'లో హీరో అతను. వయసు 32. ఐక్యూ 68. న్యూయార్క్‌లో ఓ బేకరీలో ఊడ్చే పని. తోటివాళ్లు తనని చూసి నవ్వుతుంటే స్నేహమనుకుని తనూ నవ్వే అమాయకుడు. అక్కడ ఎవరు ఏ తప్పు చేసినా చార్లీ పేరు పెట్టి వెక్కిరిస్తారు. అంతకుముందే ఆ ఆపరేషన్ చేయించుకున్న ఎలుక పేరు ఆల్జెర్నాన్. దారి వెతికే పందెంలో ఆ ఎలుక చేతిలో కూడా ఓడిపోతాడు మన హీరో.

ఆపరేషన్ తర్వాత ఐక్యూ 185కి చేరుతుంది. కానీ కొన్నాళ్లకే ఎలుక తెలివి తగ్గిపోవడం మొదలవుతుంది. ఇక తన వంతు ఎప్పుడో చార్లీ తనే లెక్క కట్టుకుంటాడు.

కథంతా చార్లీ రాసుకునే రిపోర్టులే. మొదట్లో అన్నీ అక్షర దోషాలు. కామా అంటే ఏమిటో తెలిసిన రోజున ప్రతి మాటకీ ఒక కామా పెట్టేస్తాడు. తెలుగులో అయితే ఒత్తులు ఎగిరిపోయి, దీర్ఘాలు తారుమారై, 'అభ్యాసం' కాస్తా 'అబ్యాసం' అయ్యేదన్న మాట. చివర్లో ఆ తప్పులు ఒక్కొక్కటిగా తిరిగొస్తుంటే గుండె బరువెక్కుతుంది. కథ సుఖాంతం చేయమని ఒక పత్రికా సంపాదకుడు అడిగితే కీస్ ఒప్పుకోలేదు. 1959లో కథగా అచ్చయి హ్యూగో, 1966లో నవలగా వచ్చి నెబ్యులా అవార్డు అందుకుంది. 1968లో సినిమాగా వస్తే, చార్లీ వేషం వేసిన క్లిఫ్ రాబర్ట్‌సన్‌కి ఆస్కార్ దక్కింది.

ఇందులో ఒక సన్నివేశం ఉంది. హోటల్లో పళ్లాలు పగలగొట్టిన మందబుద్ధి కుర్రాణ్ని చూసి అందరూ నవ్వుతారు. తెలివైన చార్లీ కూడా నవ్వేస్తాడు! మరుక్షణం సిగ్గుతో మండిపడతాడు. నత్తివాణ్ని, అమాయకుణ్ని చూపించి కామెడీ అనే మన సినిమాలు చూసి నవ్వినవాళ్లందరికీ అది తగులుతుంది.

అయినా పుస్తకం మూశాక ఏదో వెలితి. చార్లీని గౌరవించడానికి మనకు 185 ఎందుకు కావాలి? ఆపరేషన్‌కి ముందు కూడా తను మనిషినేనని చార్లీ శాస్త్రవేత్తలతో వాదిస్తాడు. నిజమే. కానీ ఆ వాదన చేయగలిగేది మేధావి అయ్యాకే! ఆఖర్న రచయిత అతన్ని ఊరికి దూరంగా శరణాలయానికి పంపేస్తాడు. నాకు మింగుడుపడనిది ఇదే.

అందుకే విశాఖ గుర్తొస్తుంది. ఇక్కడ లాయరుగా పనిచేసిన రావిశాస్త్రి 'అల్పజీవి'లో సుబ్బయ్యకి ఏ ఆపరేషనూ లేదు. ఉత్త పిరికి గుమాస్తా. అందరికీ భయపడతాడు. అతన్ని మేధావినో వీరుణ్నో చేయకుండానే, ఆ భయాల మధ్యే ఉంచి, బుర్రలో తిరిగే ఆలోచనలు మనకి వినిపించాడు శాస్త్రి. చార్లీ కోసం కన్నీళ్లు వస్తాయి గానీ, సుబ్బయ్య పక్కన కూర్చోవడమే కష్టం. నా ఓటు ఆ కష్టానికే.

మరి చార్లీ ఎక్కణ్నుంచి పుట్టాడు? కీస్ కొంతకాలం న్యూయార్క్‌లో చదువులో వెనకబడిన పిల్లలకి ఇంగ్లీషు చెప్పాడు. ఓ రోజు ఒక కుర్రాడొచ్చి, బాగా కష్టపడి తెలివి తెచ్చుకుంటే నన్ను మామూలు క్లాసులో వేస్తారా అని అడిగాడట. నవల చార్లీకి 185 ఇచ్చింది. కుర్రాడు అడిగింది అందరితో పాటు ఒక బెంచీ.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అలాంటి పిల్లలు మిగతా పిల్లలతో కలిసి చదువుకునేలా బళ్లు చూడాలంటోంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టే చోట మాత్రం ఆ కుర్రాడి ప్రశ్న ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉంది.