మన వంటింటి తీపి: రుచి, ఆరోగ్యం, ఆత్మీయత

కుటుంబ జ్ఞాపకాలు ఛాయాచిత్రాలలో కన్నా వంటపాత్రలలోనే ఎక్కువకాలం నిలిచి ఉంటాయి. ఈద్ నాటి షీర్ ఖుర్మా, వలీమా విందులోని ఖుబానీ కా మీఠా, బిడ్డ ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేసిన రోజున ఇరుగుపొరుగుకు పంచిన మిఠాయి, కొత్త కోడలు తొలిసారి వండిన ఖీర్ - ఇవన్నీ ఒక్కొక్క ఇంటి చరిత్రలో ఒక్కొక్క పుట. ఇటీవల మన వంటిళ్ళలోకి ఓవెన్, కేకు గిన్నె, కొలత చెంచాలు కూడా వచ్చి చేరాయి. పిల్లలు ఫోనులో చూసి కేకులు, బిస్కెట్లు చేయడం నేర్చుకుంటున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే అదే సమయంలో నానీ, దాదీల చేతి వంటకాలు బజారు డబ్బాలలోకి తరలిపోతున్నాయి. ఇంట్లో తీపి చేసుకునేటప్పుడు మనం నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఏమి చేయాలి? అందులో ఏమేమి కలుస్తున్నాయి? ఎంత తినాలి? ఆ శ్రమ ఎవరిది?

తీపికి మన జీవితంలో స్థానం

ధర్మం మనిషిని రుచులకు దూరం చేయలేదు. దైవప్రవక్త (సఅసం) తీపి పదార్థాలనూ తేనెనూ ఇష్టపడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం బుఖారీ గ్రంథంలో ఉంది. ఖర్జూరం, నెయ్యి, ఎండు పెరుగు కలిపి చేసే ‘హైస్’ అనే వంటకం హజ్రత్ సఫియ్యా (రజి) వలీమాలో వడ్డించబడింది. ఆ విందులో ఆడంబరం లేదు, ఉన్నదే నలుగురూ పంచుకున్నారు. మరోవైపు తినండి, త్రాగండి, మితిమీరకండి అన్న భావం ఆరాఫ్ సూరా 31వ ఆయతులో స్పష్టంగా ఉంది. ఆస్వాదన, మితం రెండూ కలిసి నడవాలన్నదే దీని సారం.

పేరులోనే చరిత్ర

మన తీపి వంటకాల పేర్లను గమనిస్తే అవి ఎక్కడెక్కడి నుంచి ప్రయాణించి వచ్చాయో తెలుస్తుంది. పారశీక భాషలో ‘షీర్’ అంటే పాలు, ‘ఖుర్మా’ అంటే ఖర్జూరం. అంటే ఈ వంటకానికి ప్రాణం పాలు, ఖర్జూరాలే. నేడు చాలా ఇళ్ళలో ఖర్జూరాలు నాలుగు ముక్కలకు పరిమితమై, సేమియా, చక్కెర పెత్తనం చేస్తున్నాయి. ‘నాన్‌ఖటాయీ’లోని ‘నాన్’ కూడా రొట్టెకు పారశీక పదమే. హైదరాబాదులో బ్రెడ్డును ‘డబుల్ రోటీ’ అంటారు కనుక దానితో చేసిన తీపి ‘డబుల్ కా మీఠా’ అయింది. టీతో తినే ఉస్మానియా బిస్కెట్టు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరును నేటికీ మోస్తోంది.

ఖుబానీ కా మీఠా మన పెద్దల పొదుపుకు మంచి ఉదాహరణ. ఎండు ఖుబానీలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిలోనే మెత్తగా ఉడికిస్తారు. గింజను పగులగొడితే లోపల బాదం వంటి చిన్న పప్పు ఉంటుంది. దానిని పైన అలంకరిస్తారు. ఏదీ వృథా కాదు. అయితే ఆ పప్పు చేదుగా ఉంటే మాత్రం తినకుండా పారవేయాలి. చేదు పప్పులో శరీరానికి హాని చేసే పదార్థం ఉంటుంది. ఖుబానీలోనే సహజమైన తీపి ఉన్నందున చక్కెర చాలా కొద్దిగా సరిపోతుంది.

ఓవెన్ లేకపోయినా కేకు

ఓవెన్ కొనలేని ఇల్లు బేకింగుకు దూరంగా ఉండనక్కరలేదు. వెడల్పాటి పాత కుక్కర్ చాలు. అడుగున అంగుళం మందాన ఉప్పుగాని, శుభ్రమైన ఇసుకగాని పరిచి, దానిపై ఒక స్టాండు ఉంచాలి. మూత రబ్బరును, విజిల్‌ను తప్పక తీసివేయాలి. నీరు పోయరాదు. మూతపెట్టి పది నిమిషాలు సన్నని సెగపై వేడిచేస్తే అదే ఓవెన్ అవుతుంది.

కోడిగుడ్డు లేని పెరుగు కేకు దీనికి తగిన మొదటి పాఠం. ఒక కప్పు చిక్కని పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరిగించి, ఒక చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా కలిపి ఐదు నిమిషాలు వదిలేయాలి. పెరుగు పొంగి నురుగు కడుతుంది. పిల్లలను పక్కన నిలబెట్టి చూపించవలసిన ఘట్టం ఇది. పెరుగులోని పులుపు సోడాతో కలిసినప్పుడు బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఆ బుడగలే కేకును మెత్తగా, గుల్లగా చేస్తాయి. తరువాత అర కప్పు నూనె, అర చెంచా యాలకుల పొడి చేర్చి, జల్లించిన ఒకటిన్నర కప్పు మైదాను కొద్దికొద్దిగా కలపాలి. ఇక్కడ తొందరా వద్దు, అతిగా గిలకొట్టడమూ వద్దు. పిండిని ఎక్కువగా కలిపితే అందులోని జిగురు సాగి కేకు గట్టిపడుతుంది. నూనె రాసిన గిన్నెలో పోసి, వేడెక్కిన కుక్కర్‌లో సన్నని సెగపై నలభై నిమిషాల వరకు ఉంచాలి. ఓవెన్ ఉన్నవారు 180 డిగ్రీల వేడిలో 35 నుంచి 40 నిమిషాలు కాల్చవచ్చు. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. పూర్తిగా చల్లారిన తరువాతే కోయాలి.

చక్కెరను సగానికి తగ్గించి, పాలలో నానబెట్టి రుబ్బిన పది ఖర్జూరాలను కలిపితే ఇదే ఖర్జూరపు కేకు అవుతుంది. మైదాలో సగం గోధుమపిండి వాడినా రుచి చెడదు.

పిల్లల చేతికి నాన్‌ఖటాయీ

ఐదారేళ్ళ పిల్లలు సైతం పాలుపంచుకోగల వంటకం నాన్‌ఖటాయీ. అర కప్పు పేరిన నెయ్యిని, అర కప్పు చక్కెర పొడిని తెల్లగా నురుగు వచ్చేలా కలపాలి. ఒక కప్పు మైదా, పావు కప్పు శనగపిండి, రెండు చెంచాల బొంబాయిరవ్వ, చిటికెడు బేకింగ్ పౌడరు, యాలకుల పొడి చేర్చి ముద్దచేయాలి. ఉండలు చేసి, కొద్దిగా అదిమి, పైన పిస్తా ముక్క అద్దడం పిల్లల పని. 170 డిగ్రీల వేడిలో పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు చాలు. బయటకు తీసినప్పుడు మెత్తగా ఉంటాయి, చల్లారాక కరకరలాడతాయి. వేడి పళ్ళేలను మాత్రం పెద్దలే ముట్టుకోవాలి.

ఈ గంటసేపు పిల్లవాడు నేర్చుకునేది వంట ఒక్కటే కాదు. కొలవడం, ఓపికపట్టడం, బిస్మిల్లాహ్ చెప్పి మొదలుపెట్టడం, చేసినదానిని ముందుగా దాదీకి అందించడం కూడా నేర్చుకుంటాడు. దైవప్రవక్త (సఅసం) తమ పోషణలో ఉన్న బాలుడు ఉమర్ బిన్ అబీ సలమాకు భోజన మర్యాదలు నేర్పినది ఉపన్యాస వేదికపై కాదు, భోజన పళ్ళెం దగ్గరే.

పచ్చగుర్తు ఒక్కటే చాలదు

ఇంట్లో చేసుకోవడంలోని పెద్ద లాభం, అందులో ఏమి కలిసిందో మనకు తెలియడం. బజారులో దొరికే కొన్ని పదార్థాల విషయంలో గృహిణులు జాగరూకత వహించాలి.

మొదటిది జిలెటిన్. జెల్లీలు, మార్ష్‌మాలోలు, కొన్ని కేకుల పూతలు దీనితో గట్టిపడతాయి. ఇది జంతువుల చర్మం, ఎముకల నుంచి తయారవుతుంది. దానికి బదులు సముద్రపు నాచు నుంచి వచ్చే అగర్ అగర్ వాడవచ్చు. రెండవది 120 సంఖ్యతో సూచించే ఎరుపు రంగు. దానిని కీటకాల నుంచి తీస్తారు. మూడవది 471 అనే కొవ్వు పదార్థం. అది మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల నుంచీ రావచ్చు. మన దేశపు ప్యాకెట్లపై పచ్చగుర్తు ఉంటే ఇటువంటివి జంతు సంబంధమైనవి కావని గ్రహించవచ్చు.

అయితే పచ్చగుర్తు మద్యం గురించి ఏమీ చెప్పదు. మద్యం మొక్కల నుంచే వస్తుంది కదా! కొన్ని ప్లమ్ కేకులలో ఎండుఫలాలను రమ్ములో నానబెడతారు. అసలైన వనిల్లా సారాన్ని ఆల్కహాలులోనే తీస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం అందులో కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండాలి. ఎండుఫలాలను కమలారసంలో నానబెట్టవచ్చు. వనిల్లా స్థానంలో యాలకులు, కుంకుమపువ్వు, గులాబీ నీరు మన వంటలకు మరింత ఒప్పుతాయి. అలాగే కోడిగుడ్డు ఉన్న కేకుపై మాంసాహార గుర్తు ఉంటుంది. అంతమాత్రాన అది హరామ్ అనుకోనక్కరలేదు. ఆ గుర్తు హలాల్ అన్న హామీ కూడా కాదు. కాబట్టి గుర్తును చూడడంతో ఆగక పదార్థాల పట్టికను చదవడం అలవాటు చేసుకోవాలి. సందేహం కలిగితే పండితులను అడగాలి.

దాదీ ముందున్న గిన్నె

తీపి గురించి మాట్లాడుతూ మధుమేహాన్ని విస్మరించడం బాధ్యత అనిపించుకోదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం మన దేశంలో 10.1 కోట్లమందికి మధుమేహం ఉన్నదని అంచనా వేసింది. మనలో ఎన్నో ఇళ్ళలో తీపి వండిన పెద్దావిడే దానిని నోట పెట్టలేని స్థితి ఉన్నది. రోజువారీ శక్తిలో చేర్చిన చక్కెరల వాటా పది శాతానికి మించరాదనీ, ఐదు శాతంలోపు ఉంటే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఐదు శాతం అంటే పెద్దలకు సుమారు ఆరు చెంచాలు.

తేనె, బెల్లం వాడితే చక్కెర జబ్బు ఉన్నవారికి దోషం లేదన్న నమ్మకం సరికాదు. అవీ రక్తంలో చక్కెరను పెంచుతాయి. నహ్ల్ సూరాలో తేనెలో స్వస్థత ఉన్నదని వచ్చింది. అది అందరికీ, ఎంతైనా తినమన్న అనుమతి కాదు. ముఖ్యంగా ఏడాది నిండని పసిబిడ్డకు తేనె నాకించరాదని వైద్యులు గట్టిగా చెబుతున్నారు. దానివల్ల అరుదుగానైనా ప్రాణాపాయకరమైన జబ్బు సోకవచ్చు.

ఆచరణలో చేయదగినవి సులభమైనవే. షీర్ ఖుర్మాలో ఎండు ఖర్జూరాలు, సారపప్పు, బాదం పెంచి, చక్కెర సగం చేయండి. డబుల్ కా మీఠాకు బ్రెడ్డు ముక్కలను నేతిలో వేయించే బదులు నెయ్యి పూసి కాల్చండి. పెద్ద గిన్నెలకు బదులు చిన్న కప్పులలో వడ్డించండి. మధుమేహం ఉన్న అతిథి వద్దన్నప్పుడు “ఈరోజుకు ఏమీ కాదులే” అని బలవంతపెట్టడం మర్యాద కాదు. ఆయన కోసం తీపి కలపని పాలు, బాదంపప్పు పక్కన ఉంచడమే నిజమైన ఆతిథ్యం.

పండుగ తీపి ఒక్కరి పని కారాదు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఈద్ ఉదయం ఇల్లంతా అత్తరు పరిమళంతో నిండి ఉంటుంది. అబ్బా, పిల్లలు కొత్తబట్టలతో ఈద్‌గాహ్‌కు బయలుదేరుతారు. ఇంటి ఇల్లాలు మాత్రం పాలు పొంగిపోకుండా కాపు కాస్తూ ఉంటుంది. ఆమె స్నానం ముగించి కొత్తబట్ట కట్టుకునేసరికి అతిథులు గుమ్మంలో ఉంటారు. అందరి నోరు తీపిచేసిన ఆమెకు పండుగ దక్కిందా?

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏమి చేసేవారని అడిగినప్పుడు, తమ ఇంటివారి సేవలో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) బదులిచ్చారు. దీనిని మించిన ఆదర్శం ఏమి కావాలి? ఈద్‌కు ముందురోజు సాయంత్రం బాదం, పిస్తా తరగడం మగపిల్లల వంతు చేయండి. సేమియాను రెండు రోజుల ముందే నేతిలో వేయించి పొడి డబ్బాలో దాచవచ్చు. ఎండు ఖర్జూరాలను రాత్రే నానబెట్టవచ్చు. నాన్‌ఖటాయీలు వారం ముందే చేసి పెట్టుకోవచ్చు. ఈదుల్ ఫిత్ర్ నమాజుకు ముందు దైవప్రవక్త (సఅసం) ఖర్జూరాలు తిని వెళ్ళేవారు. కనుక షీర్ ఖుర్మా తెల్లవారేసరికే సిద్ధంగా ఉండాలన్న తొందర కూడా అవసరం లేదు. నమాజు నుంచి వచ్చిన తరువాత పాలు కాచే పని కొడుకో, భర్తో చేపడితే ఇల్లాలు కూడా నింపాదిగా తన పండుగ చేసుకోగలుగుతుంది. గిన్నెలు తోమడం కూడా వంటలో భాగమేనని మరువకండి.

పొరుగింటికి వెళ్ళే పళ్ళెం

పొరుగువారికి పంపే కానుక ఎంత చిన్నదైనా తక్కువగా చూడవద్దన్న ప్రవక్త బోధ మనకు తెలిసినదే. సంక్రాంతికి అరిసెలు మన గుమ్మం దాటి వస్తాయి. ఈద్‌కు షీర్ ఖుర్మా వారి గుమ్మం దాటి వెళ్తుంది. ఈ రాకపోకలు తెలుగునేలపై తరాలుగా సాగుతున్న ఆత్మీయత. పొరుగువారు శాకాహారులైతే గుడ్డు లేని కేకును, మాంసం వండని పాత్రలో చేసి, ఆ మాట ముందే చెప్పి పంపండి. వారి నియమాన్ని మనం గౌరవించామన్న సంగతి తీపి కన్నా ఎక్కువకాలం గుర్తుంటుంది.

చివరిగా ఒక విన్నపం. మన పెద్దవారి వంటకు కొలతలు లేవు, ‘అందాజు’ మాత్రమే ఉంది. వారు గుప్పెడు అన్నచోట ఆ గుప్పెడును కప్పులో పోయించి, ఎంత ఉందో రాసుకోండి. ఏ సెగ, ఎంతసేపు, ఏ వాసన వచ్చినప్పుడు దించాలి - అన్నీ అడగండి. ఇంటికొక నోటుపుస్తకం, అందులో ఒక్కొక్క వంటకం పక్కన అది ఎవరి చేతిదో వారి పేరు ఉండాలి. నానీ, దాదీ మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి. ఈ వారమే ఒక సాయంత్రం వారి పక్కన కూర్చోండి, కలం మనవడి చేతికి ఇవ్వండి.