దరువు వచ్చా? నేర్పి చూడండి

డిగ్రీ అయిపోయింది. గ్రూప్స్‌కో, పోలీసు ఉద్యోగానికో చదువుతున్నారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. తొర్రూరులో ఉండి ప్రతి నెలా ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహమాటం. ఇలాంటివాళ్లలో డప్పో, డోలకో, డ్రమ్సో బాగా వాయించేవాళ్లు తక్కువేం కాదు. వినాయక నిమజ్జనంలోనో, పెళ్లి బరాత్‌లోనో నలుగురితో ‘శభాష్’ అనిపించుకుని వదిలేస్తుంటారు. మీరూ వాళ్లలో ఒకరైతే, సాయంత్రాలు పాఠాలు చెప్పడం గురించి ఆలోచించారా?

ముందే ఒక మాట. వాయించడం వేరు, నేర్పడం వేరు. మీ చేతికి అలవాటైపోయిన దెబ్బను ముక్కలు చేసి చూపించగలగాలి. అందుకు మన దగ్గరే మంచి పద్ధతి ఉంది. మృదంగం పాఠం ‘త ధి తొం నం’తో మొదలవుతుంది. ముందు నోటితో పలికించి, తర్వాతే చేయి వేయిస్తారు. ‘తకిట’ మూడు, ‘తకధిమి’ నాలుగు. వెస్టర్న్ డ్రమ్స్‌కూ ఇది అక్కరకొస్తుంది. అక్కడి పారాడిడిల్ అంటే కుడి-ఎడమ-కుడి-కుడి, ఎడమ-కుడి-ఎడమ-ఎడమ. నోటికి వచ్చాక చేతికి రావడం తేలిక.

వచ్చేవాళ్లంతా ఒకలా ఉండరు. ఏడేళ్ల పిల్లాడు ఒకే పని మీద పది నిమిషాలు కూర్చుంటే గొప్పే. చప్పట్లు కొట్టించండి, అడుగులు వేయించండి, స్టిక్స్ తర్వాత. ఇంటర్ కుర్రాడికి స్పీడే కావాలి. మెట్రోనోమ్ యాప్‌ను 60 మీద పెట్టి వాయించమంటే విసుక్కుంటాడు, మీరు మాత్రం తగ్గొద్దు. ఇక నలభై ఐదేళ్ల టీచరుగారో, షాపు ఆయనో వస్తే మణికట్టు బిగుసుకుపోయి ఉంటుంది, పిల్లల ముందు తప్పు పోతుందని సిగ్గు కూడా. ఆయనకు ఇష్టమైన పాట ఒకటి అడిగి, దాని దరువుతోనే మొదలుపెట్టండి. నిజానికి ఎక్కువ కాలం ఉండేది ఇలాంటివాళ్లే.

డ్రమ్ కిట్ కొనాలని అప్పు చేయొద్దు. మొదటి నెలలు ప్రాక్టీస్ ప్యాడ్ చాలు. పాత ట్యూబు ముక్కను చెక్కకు బిగించినా నడుస్తుంది. అద్దె ఇల్లయితే చప్పుడుతో పక్కింటివాళ్లతో గొడవ తప్పదు, ప్యాడ్‌తో ఆ బాధ లేదు. కిట్ మీదికి వెళ్లాక చెవులకు ప్లగ్స్ పెట్టుకోండి. దగ్గర్నుంచి డ్రమ్స్ శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, రోజూ వింటే వినికిడి దెబ్బతింటుంది.

లెక్క చూద్దాం. నెలకు 800 ఫీజు, పది మంది వచ్చారనుకుందాం. మొత్తం 8,000. పరీక్షల నెలలో ఇద్దరు మానేస్తే 6,400. ఒక్కొక్కరికి వారంలో రెండు అరగంట క్లాసులైతే వారానికి పది గంటలు. మీ చదువుకు అడ్డం రాదు, మీ ఖర్చులకు ఆసరా. దీన్నే జీతం అనుకుని ప్రిపరేషన్ మానేస్తే మాత్రం తొందరపాటే.

కాగితం కూడా కావాలంటే, వర్ధన్నపేట మీదుగా బస్సెక్కితే వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ మృదంగం నేర్పుతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ డ్రమ్స్ గ్రేడ్ పరీక్షలు 8వ గ్రేడ్ దాకా ఉంటాయి. ప్రైవేటు స్కూళ్లలో అడిగితే చూపించడానికి బాగుంటాయి. 2023లో గురుకుల నియామకాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టులూ పడ్డాయి. అలాంటివాటికి మీ సర్టిఫికెట్ చెల్లుతుందా లేదా అన్నది ఫీజు కట్టకముందే నోటిఫికేషన్‌లో అర్హతల దగ్గర చూసుకోండి.

డప్పు సంగతి వేరుగా చెప్పాలి. చెక్క చట్రం, దాని మీద తోలు, కుడిచేతిలో చిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. వాన పడితే తోలు సడలుతుంది, మంట దగ్గర కాచాలి. ఇదంతా మీ ఊళ్లోనే తెలిసినవాళ్లున్నారు. కానీ తరతరాలుగా డప్పు కొట్టినవాళ్లతో ఊరు చావుకూ, చాటింపుకూ వెట్టిగా కొట్టించుకుంది. కులం పేరుతో దూరమూ పెట్టింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు ముందు నిలబడింది. మణుగూరు వైపు కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పురస్కారం ఒకటి, నెలనెలా చేతిలో పడే డబ్బు మరొకటి.

అందుకే, మీరు పట్నపు డ్రమ్స్ మాస్టారుకు ఫీజు ఇచ్చినట్టే వాడకట్టులోని డప్పు పెద్దాయనకూ ఇవ్వండి. ‘తాతా, జర నేర్పరాదే’ అని ఊరికే నేర్చుకుని రావద్దు. ఆయన దగ్గర నేర్చుకున్న దరువునే రేపు మీరు ఫీజు తీసుకుని చెప్పబోతున్నారు. వీలైతే నెలకోసారి ఆయన్నే మీ క్లాసుకు పిలిచి, కుర్చీ వేసి, ఆ రోజు ఫీజు ఆయన చేతిలో పెట్టండి. పిల్లలు చూస్తారు.