బిరుదమా? పనియా?

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" యను సామెత మనకు క్రొత్తది కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల కచేరీలలో ఈ సామెత ఉద్యోగుల జీతముల పట్టీలయందే కానవచ్చుచున్నది.

ఆ దేశమున 1938వ సంవత్సరమున, రూజ్వెల్టు అధ్యక్షుడుగా నుండగా, న్యాయ శ్రమప్రమాణముల చట్టము శాసనమయ్యెను. తొలుత వారమునకు 44 గంటలుగా నుండిన హద్దు 1940లో 40 గంటలకు దిగినది. అంతకు మించిన ప్రతి గంటకును ఒకటిన్నర రెట్లు కూలి చెల్లవలెను. అయితే కార్యనిర్వాహకులకును, పరిపాలకులకును, విద్యావృత్తులవారికిని ఈ నియమము వర్తింపదని ఆ చట్టమే చెప్పినది. యజమానులకు దొరకిన సందు ఇదియే. గుమాస్తాకు "మేనేజరు" అని పేరుపెట్టిన చాలును, రాత్రి పదిగంటల వరకు చేసిన పనికి కాసైన నీయనక్కరలేదని కొందరి తలంపు.

చట్టము అట్లు చెప్పుటలేదు. సాధారణముగా మూడు పరీక్షలు నెగ్గవలెను. పని హెచ్చినను తగ్గినను మారని స్థిరమైన జీతముండవలెను. ఆ జీతము వారమునకు 684 డాలర్లకు తగ్గరాదు. చేయుపని నిజముగా అట్టి ఉద్యోగమునకు తగినదై యుండవలెను. కార్యనిర్వాహకుడనగా కనీసము ఇద్దరిపై అజమాయిషీ గలవాడు; ఉద్యోగులను నియమించుటలో, తొలగించుటలో ఆతని మాటకు విలువ యుండవలెను. బిరుదము ఇందేదియు కాజాలదు.

జీతము మిక్కుటమైనంత మాత్రమునను చాలదు. ఏటా రెండులక్షల డాలర్లకు పైగా గడించిన ఒక చమురుబావి ఉద్యోగికి రోజుకూలి లెక్కన చెల్లించిరి గనుక, ఆతనికి ఓవర్‌టైము హక్కు కలదని 2023లో అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2024లో ప్రభుత్వము జీతపు హద్దును పెంచగా, ఆ నవంబరులోనే టెక్సాసులోని ఫెడరల్ న్యాయస్థానము దానిని కొట్టివేసినది. హద్దు మరల 684 డాలర్లకే వచ్చినది.

ఈ గొడవ మనకేల యందురా? మన తెలుగు యువకులు వేలకొలది ఆ దేశపు కంప్యూటరు కచేరీలలో పనిచేయుచున్నారు. ప్రోగ్రాములు వ్రాయువారికి గంటకు 27.63 డాలర్లు, అంతకు మించి ముట్టినచో ఓవర్‌టైము లేకున్నను చెల్లును. యంత్రములను మరమ్మతు చేయువారికి ఆ మినహాయింపు వర్తింపదు.

కార్యభారము మోయువాని పనిని గడియారముతో కొలువరాదను యజమానుల వాదము కొంత నిజమే. అయినను భారమును మాత్రమే మోపి, అధికారమును తమయొద్దనే యుంచుకొనుట న్యాయము కాదు. కావున ఉద్యోగి తన గంటలను తానే వ్రాసి యుంచుకొనవలెను. బాకీపడిన కూలిని రెండేండ్లలోపల, యజమాని తెలిసి చేసినదైనచో మూడేండ్లలోపల అడుగవచ్చును. ఆ గడువు దాటినచో హక్కుండియు ఫలము దక్కదు.