మోకాలి లోపలికి చూసిన గొట్టం

క్షయ సోకి మోకాళ్లు బిగుసుకుపోయే రోజులవి. నేల మీద మోకాళ్లు మడిచి కూర్చునే జపాన్‌లో కాలు వంగకపోతే నలుగురితో కలిసి భోజనానికి కూర్చోవడమే కష్టం. జబ్బు ముదరకముందే కనిపెట్టాలన్న తపనతో 1918లో టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు, మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని ఒక మృతదేహం మోకాలిలోకి దించి చూశాడు.

ఆ గొట్టం కీలు లోపలికి చూసేందుకు పనికొచ్చే ఆర్థ్రోస్కోప్‌గా మారడానికి నలభై ఏళ్లు పట్టింది. తకాగి శిష్యుడు మసాకి వతనబె నమూనా మీద నమూనా చేసుకుంటూ పోయాడు. 21వ నంబరుతో గానీ పని కుదరలేదు. దాని కొసన చిన్న బల్బు ఉండేది. అది కీలు లోపలే పగులుతుందేమోనన్న భయం ఎప్పుడూ ఉండేది. అయినా ఆ వెలుతురులోనే 1962లో ఆయన మోకాలిని తెరవకుండా, చిరిగిన మెనిస్కస్ ముక్కను మాత్రమే తీసేశాడు. మెనిస్కస్ అంటే తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెత్తటి మృదులాస్థి. అంతకుముందు మోకాలిని కోసి దాన్ని మొత్తంగా తీసేసేవారు. అలా తీసేసిన మోకాళ్లలో తర్వాత మార్పులు వస్తున్నాయని 1948లోనే ఫెయిర్‌బ్యాంక్ అనే వైద్యుడు ఎక్స్‌రేలతో చూపించాడు.

1964లో టోక్యో వెళ్లి ఈ విద్య నేర్చుకున్న వైద్యుడు రాబర్ట్ జాక్సన్ దాన్ని కెనడాకు తీసుకెళ్లాడు. 1984లో అమెరికా పరుగుల రాణి జోన్ బెనాయిట్ మోకాలికి ఆర్థ్రోస్కోపీ (స్కోపీ) చేయించుకుని, 17 రోజులకే ఒలింపిక్ ఎంపిక పోటీలో నెగ్గింది. ఆగస్టులో మహిళల తొలి ఒలింపిక్ మారథాన్ స్వర్ణం కూడా ఆమెదే. చిన్న గాట్లు, త్వరగా కోలుకోవడం చూశాక, వయసుతో అరిగిన మోకాళ్లకూ స్కోపీ చేయడం మామూలైపోయింది.

నిజంగా మేలు జరుగుతోందా? హ్యూస్టన్‌లో సర్జన్ బ్రూస్ మోజ్లీ బృందం తేల్చుకోదలచింది. అరిగిన మోకాళ్లున్న 180 మందిని మూడు గుంపులు చేశారు. కొందరికి కీలు కడిగారు, కొందరికి కడిగి లోపల గీకి శుభ్రం చేశారు, మిగతావారికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టారు. ఎవరికి ఏది అన్నది ఆపరేషన్ గదిలో కవరు విప్పేదాకా సర్జన్‌కూ తెలియదు. ఉత్తుత్తి ఆపరేషన్‌లోనూ ఆయన పరికరాలు అడిగి తీసుకున్నాడు, కాలిని అటూ ఇటూ కదిపాడు, నీళ్ల చప్పుడు కూడా చేయించారు. తమకు గాట్లే దక్కవచ్చని తెలిసి, సంతకం పెట్టి ఒప్పుకున్న ఆ రోగుల రుణం మనం తీర్చుకోలేం. రెండేళ్లు గమనించినా నొప్పిలోగానీ నడకలోగానీ అసలు ఆపరేషన్‌ది పైచేయి కాలేదు. 2002లో ఆ ఫలితం అచ్చయింది. అరుగుదల వల్ల మెనిస్కస్ చిరిగిన 146 మందిపై ఫిన్లాండ్ వైద్యులు జరిపిన పరీక్ష కూడా 2013లో అదే మాట చెప్పింది.

ఆటలో లిగమెంటు తెగినా, తెగిన ముక్క అడ్డుపడి మోకాలు కదలకుండా పట్టేసినా స్కోపీ ఇప్పటికీ గొప్ప వరమే. అరిగిన మోకాలికి మాత్రం తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం, బరువు తగ్గడం ముందు. “గుజ్జు అరిగింది, స్కోపీతో శుభ్రం చేద్దాం” అని ఎవరైనా అంటే, ఇది దెబ్బా, అరుగుదలా అని డాక్టరుగారిని అడగండి. అరుగుదలేనంటే ముందు ఫిజియోథెరపీ రాయమనండి.