వార్తల్లో పదం: ప్రొబేషన్

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు నేరం చేశారని విచారణలో తేలినా, హోమ్‌లో పెట్టకుండా, మంచి నడవడిక షరతుపై తల్లిదండ్రులకో సంరక్షకులకో అప్పగించడమే ప్రొబేషన్. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ ఈ వీలు కల్పించింది. గడువు మూడేళ్లకు మించదు. 2024లో పుణెలో ఓ మైనర్ నడిపిన కారు ప్రమాదం కేసులో అతణ్ని వ్యాసం రాయమన్నది బెయిలు షరతు. ప్రొబేషన్ అలా కాదు, విచారణ ముగిశాక వచ్చేది.

దివిసీమలో పదిహేనేళ్ల కుర్రాడు రొయ్యల చెరువు గట్టు మీది మోటారు ఎత్తుకెళ్లాడనుకుందాం. కేసు వినేది జువెనైల్ జస్టిస్ బోర్డు: ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వారిలో ఒకరైనా మహిళ. కుర్రాడి ఇల్లు, బడి, స్నేహాలు, చదువు ఎక్కడ ఆగిందీ ప్రొబేషన్ అధికారి వాకబు చేసి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. అసలు ఆయువుపట్టు ఈ నివేదికే. మొక్కుబడిగా రాస్తే బోర్డు ముందు కుర్రాడి బతుకు కనబడదు, కేసు కాగితాలే కనబడతాయి.

మందలించి పంపడం, కౌన్సెలింగ్, పద్నాలుగు దాటినవారికి ఆసుపత్రిలో సాయం వంటి సమాజ సేవ కూడా బోర్డు చేతిలో ఉన్నాయి. పదహారు నిండినవారిపై ఘోర నేరాల కేసైతే దారి వేరు కావచ్చు.

పిల్లల పేరు, ఊరు పత్రికల్లో రాకూడదు. వకీలును పెట్టుకోలేని గుడివాడ, బందరు తల్లిదండ్రులు బందరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఉచిత న్యాయ సహాయం అడగవచ్చు.